గుర్రాలతో 700 మైళ్ళ ప్రయాణం, ఆ తర్వాత ఐదు రోజుల ఎండ్యూరెన్స్ రైడ్: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న (శాక్రమెంటో నుంచి)

అందరికీ నమస్తే. మేముండేది శాక్రమెంటోకి తూర్పున, కొండలు మొదలయ్యే చోట. నా దగ్గర పదకొండేళ్ళ అరబ్ జెల్డింగ్ (వృషణాలు తీసేసిన మగగుర్రం) ఒకటి, తొమ్మిదేళ్ళ ఆడగుర్రం ఒకటి ఉన్నాయి. రెండూ ఒక్కరోజు 50 మైళ్ళ ఎండ్యూరెన్స్ రైడ్లు, అంటే గుర్రం మీద చేసే దూరపు పోటీలు, బాగానే చేస్తున్నాయి, కుంటడం లాంటి సమస్యలేవీ లేవు. ఈ వేసవిలో యూటాలో బ్రైస్ కేనియన్ దగ్గర జరిగే ఐదు రోజుల రైడ్‌కి వెళ్ళాలని ఉంది, రోజుకి 50 మైళ్ళు. ఒకరోజు ఒక గుర్రం, మర్నాడు ఇంకోటి ఎక్కుదామని ఆలోచన.

రైడ్ కంటే నాకు ప్రయాణం గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఇక్కణ్ణుంచి రీనో, ఫాలన్, ఈలీ మీదుగా దాదాపు 700 మైళ్ళు. ఇంతవరకూ రెండు మూడు గంటలకు మించి వాటిని ట్రైలర్‌లో తీసుకెళ్ళలేదు. ఒకే ఊపులో వెళ్ళిపోవాలా, మధ్యలో రాత్రి ఆగాలా? ఎన్ని రోజుల ముందు చేరాలి? ఒక గుర్రం ఎక్కి నేను వెళ్ళిపోతే క్యాంపులో మిగిలిన గుర్రం ఊరుకుంటుందా? ట్రక్కు మా ఆయన నడుపుతారు, ఓపికైన మనిషే కానీ గుర్రాల సంగతి ఆయనకి పెద్దగా తెలియదు.

జవాబు 1 (ఆబర్న్ నుంచి)

నమస్తే అండీ. ప్రయాణం గురించే టెన్షన్ పడుతున్నారంటే మీరు సరైన చోటే ఆలోచిస్తున్నారు. ఇక్కడ మా ఊళ్ళో ముగిసే టెవిస్ కప్ రైడ్ చూసి చాలామంది ఎండ్యూరెన్స్ అంటే 24 గంటల్లో 100 మైళ్ళు అనుకుంటారు, ఐదు రోజుల్లో 250 మైళ్ళు అనేది పూర్తిగా వేరే లెక్క. ఇందులో గుర్రం ప్రతి రాత్రీ తినాలి, తాగాలి, పడుకోవాలి, పొద్దున్నే మళ్ళీ ఇష్టంగా బయలుదేరాలి. ట్రైలర్‌లో అలిసిపోయి, కడుపు ఖాళీగా, నీళ్ళు తక్కువై దిగిన గుర్రం రెండో రోజుకే చేతులెత్తేస్తుంది.

కదిలే ట్రైలర్‌లో గుర్రం ఊరికే నిలబడి ఉంటుందని అనుకుంటాం కానీ ప్రతి మలుపుకీ బ్రేకుకీ నాలుగు కాళ్ళూ సర్దుకుంటూ ఒళ్ళంతా బిగబట్టుకునే ఉంటుంది. పైగా తల ఎత్తి కట్టేసి ఉంటే ఊపిరి గొట్టంలో చేరిన దుమ్మూ కఫం బయటికి రావు. గుర్రం మామూలుగా తల దించి మేస్తూనే వాటిని వదిలించుకుంటుంది. గంటల తరబడి ఆ అవకాశం లేకపోతే ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది, షిప్పింగ్ ఫీవర్ అంటారు, ముదిరితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని తాడు తల కొంచెమైనా దించుకునేంత వదులుగా ఉండాలి, గడ్డి వలలో పెట్టే గడ్డి ముందే తడిపి ఉండాలి, వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా కిటికీలన్నీ మూసేయకూడదు.

నా సలహా అయితే తప్పకుండా రాత్రి ఈలీలో ఆగండి. గుర్రాలను ఉంచుకునే చోటు ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి, చేరాక దింపి తల కిందికి దించి మేసేలా వదిలేయండి. దారిలో మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టండి, ఓ ఇరవై నిమిషాలు బండి కదలకుండా ఉంచండి, హైవే పక్కన మాత్రం దింపొద్దు. అడుగున రంపపు పొట్టు బాగా వెయ్యండి. మూత్రం కాళ్ళ మీద చిందుతుందని కొన్ని గుర్రాలు, ముఖ్యంగా మగవి, దారంతా బిగబట్టుకుంటాయి.

రైడ్‌కి కనీసం రెండు రోజుల ముందు చేరండి, మూడైతే మరీ మంచిది. మీరుండేది సముద్ర మట్టానికి కాస్త పైన, బ్రైస్ చుట్టుపక్కల దారులు 7,000 నుంచి 9,000 అడుగుల మధ్య. ఆ ఎత్తుకి పూర్తిగా అలవాటు పడాలంటే వారాలు పడుతుంది, రెండు మూడు రోజుల్లో అవదు, కానీ ప్రయాణం అలసట మాత్రం తీరుతుంది. బయలుదేరిన రోజు నుంచి రైడ్ మొదలయ్యే వరకూ ఉదయం సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూడండి. 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రైడ్ సంగతి పక్కన పెట్టి వెంటనే వెట్‌కి (పశువైద్యుడికి) చూపించండి, ఆ జ్వరం చేరిన రోజు కాకుండా ఒకటి రెండు రోజులాగి కూడా బయటపడొచ్చు.

జవాబు 2 (బాయిసీ నుంచి)

పైన అక్క చెప్పినదానికి తిండి, నీళ్ళ సంగతి కలుపుతాను.

గడ్డి ఇంటి నుంచే తీసుకెళ్ళండి, కానీ ఏదో ఒక గడ్డి కాదు. యూటాలో ఫారెస్ట్ సర్వీస్ భూముల్లోకి కలుపు విత్తనాలు లేవని సర్టిఫై చేసిన గడ్డి మాత్రమే తేవాలి. రైడ్ కోసం కొనే ఆ గడ్డినే రెండు వారాల ముందు నుంచి ఇంట్లో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చెయ్యండి. క్యాంపుకి చేరాక ఒక్కసారిగా మేత మారిస్తే కడుపునొప్పి రావడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. నీళ్ళు కూడా ఒక ఇరవై ముప్పై గ్యాలన్లు ఇంటివే పెట్టుకోండి, కొత్త ఊరి నీళ్ళ వాసన నచ్చక ముట్టుకోని గుర్రాలు ఉంటాయి. బీట్ పల్ప్ (చక్కెర తీసిన బీట్ దుంప పిప్పి) బాగా నానబెట్టి, చిక్కటి జావలా కాకుండా పలచగా పెడితే తిండితోపాటే నీళ్ళూ లోపలికి పోతాయి.

ఎలక్ట్రోలైట్లు గుర్రం నీళ్ళు తాగాకే ఇవ్వండి. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయిన గుర్రానికి చిక్కటి ఉప్పు సిరంజితో నోట్లో కొడితే అది ఒంట్లో మిగిలిన నీళ్ళను కూడా పేగుల్లోకి లాగేస్తుంది, మంచి చేద్దామని చేసింది చెడు అవుతుంది. ఇంకో సంగతి, వెట్ చెక్ (రైడ్ మధ్యలో ఆపి వెట్ గుర్రాన్ని పరీక్షించే చోటు) దగ్గర తాగే తొట్లలో స్పాంజి ముంచకండి. చెమటా ఉప్పూ కలిసిన నీళ్ళు వెనకాల వచ్చే గుర్రాలు తాగవు, అప్పుడు నష్టపోయేది మీ వెనకవాళ్ళు. ఒళ్ళు తడపడానికి వేరే బకెట్ పెట్టుకోండి.

బకెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, క్యాంపులో మీ బకెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరివీ తీసుకోవద్దు, నీళ్ళు పట్టేటప్పుడు గొట్టం కొస బకెట్‌లో మునగనివ్వొద్దు. 2011లో యూటాలోనే ఆగ్డెన్‌లో జరిగిన కటింగ్ పోటీకి (గుర్రం మీద వెళ్ళి మందలోంచి పశువును విడదీసే పోటీ) వచ్చిన గుర్రాల ద్వారా హెర్పిస్ వైరస్, నరాలకు పాకే రకం, కాలిఫోర్నియాతో సహా ఎన్నో రాష్ట్రాలకు అంటుకుంది. నాలుగు రాష్ట్రాల గుర్రాలు ఒక చోట చేరినప్పుడు ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

రెండు గుర్రాల సంగతి: జంటగా ప్రయాణం చేసి, జంటగా నిలబడిన గుర్రాల్లో ఒకదాన్ని తీసుకెళ్తే రెండోది సకిలించి సకిలించి, చెమటలు పట్టి, మేత మానేసి, మర్నాడు తన వంతు వచ్చేసరికి సగం అలిసిపోయి ఉంటుంది. కరెంటు తీగ కట్టిన తాత్కాలిక దొడ్డిని తెంపుకుని వెళ్ళేవీ ఉన్నాయి. ఇప్పటి నుంచే ఇంట్లో విడదీయడం అలవాటు చెయ్యండి, మొదట పది నిమిషాలు, తర్వాత గంట, ఆ తర్వాత ఒక పూట. క్యాంపులో పక్కవాళ్ళ గుర్రం కనబడేలా మీ దొడ్డి వేసుకుంటే కొంత నయం.

జవాబు 3 (రీనో నుంచి)

అక్కా, ఇది బావగారికి చదివి వినిపించండి, ఆయన పని ఇదే కదా.

బయలుదేరడానికి నెల ముందే ట్రైలర్ బేరింగులు, బ్రేకులు, అడుగు చెక్కలు చూపించండి. టైరు అరుగుదల చూసి మోసపోకండి, ట్రైలర్ టైర్లు అరిగేలోపే వయసుతో పాడవుతాయి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్ళు దాటితే బాగా కనబడినా మార్చేయండి, స్పేర్‌తో సహా. టైరు పోతే గుర్రాలను దింపకుండానే పక్క టైరుని పైకి ఎక్కించే ర్యాంప్ దిమ్మ ఒకటి ఉంటుంది, రెండు యాక్సిళ్ళ ట్రైలర్‌కి అది తప్పనిసరి. ట్రక్కు నుంచి ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వేసే చిన్న బ్యాటరీలో ఛార్జింగ్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రీనోకి వచ్చే దారిలో డానర్ సమ్మిట్ అనే కనుమ 7,200 అడుగుల పైన ఉంటుంది, ఎక్కడం కంటే దిగడమే జాగ్రత్త. తక్కువ గేరులో దిగండి, బ్రేకుల మీదే ఆధారపడితే కాలిపోతాయి. ఫాలన్ దాటాక 50వ నంబరు రోడ్డు మీద ఆస్టిన్, యురేకా తప్ప ఈలీ దాకా దాదాపు 260 మైళ్ళు చెప్పుకోదగ్గ ఊరు లేదు, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల రాదు. ఫాలన్‌లో ట్యాంకు నింపి, ఆస్టిన్‌లో మళ్ళీ నింపండి. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే నెవాడా ఎండ ముదిరేలోపు చాలా దూరం పోవచ్చు. రెండో రోజు యూటాలోకి వెళ్ళాక మిల్‌ఫర్డ్, బీవర్ మీదుగా 20వ నంబరు రోడ్డు పట్టుకుని బ్రైస్ దగ్గరి ఊరు పాంగ్విచ్ చేరండి. మ్యాప్ సీడర్ సిటీ నుంచి 14వ నంబరు రోడ్డు చూపించినా వినకండి, ట్రైలర్‌తో ఆ ఎక్కుడు మంచిది కాదు. యూటాలో గడియారం గంట ముందుకి జరుగుతుంది, మొదటి రోజు స్టార్ట్‌కి అది గుర్తుంచుకోండి.

జవాబు 4 (హైదరాబాద్ నుంచి)

మాకు ఇక్కడ 40, 60, 80 కిలోమీటర్ల రైడ్లే ఎక్కువ, ట్రైలర్లు తక్కువ, గుర్రాలను లారీలోనే తీసుకెళ్తాం. ఎక్కించడానికి దించడానికి మట్టి దిబ్బ వెతుక్కోవాలి, అడుగున ఇసుక పోసి పైన గడ్డి పరుస్తాం, నాగపూర్ వైపు ఎండలకి రాత్రిపూటే ప్రయాణం. మేత విషయంలో బాయిసీ వారు చెప్పింది మాకూ అక్షరాలా నిజం, చేరిన ఊళ్ళో దొరికిన ఉలవలు నానబెట్టి పెట్టేస్తే మర్నాడు వెట్ దగ్గరే ఉంటాం. ఒక్కటి అడగాలి, మీకు రాష్ట్రం దాటడానికి కాగితాలేం కావాలి? మాకైతే గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి పరీక్ష గురించి ముందే కనుక్కోకపోతే కష్టం.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఈలీలో ఆగడం ఖాయం చేసుకున్నాం, విడదీయడం అలవాటు ఈ రోజే మొదలుపెట్టాను, ఆడగుర్రం కంటే వాడే ఎక్కువ గొడవ చేస్తున్నాడు. హైదరాబాద్ వారి ప్రశ్న నాదీ. ఇంకొకటి, ఏ రోజు ఆపేయాలో ఎలా తెలుస్తుంది? వెట్ పాస్ చేశాడంటే మర్నాడు వెళ్ళొచ్చనేనా?

జవాబు 1 (ఆబర్న్ నుంచి)

వెట్ పాస్ చెయ్యడం అంటే ఆ నిమిషానికి ఫిట్ అని మాత్రమే. మీ గుర్రం మామూలుగా ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు, మీకు తెలుసు. చెక్‌లోకి వచ్చాక పల్స్ 60కి దిగడానికి ఇంట్లో కంటే ఎంత ఎక్కువసేపు పడుతోందో రోజూ రాసుకోండి. కార్డియాక్ రికవరీ అనే పరీక్షలో 125 అడుగులు పరిగెత్తించి వెనక్కి తెచ్చి, పరుగు మొదలుపెట్టిన నిమిషానికి మళ్ళీ పల్స్ చూస్తారు కదా, రెండోది మొదటిదానికంటే పెరిగితే అలసటో నొప్పో ఏదో ఉన్నట్టే. పొట్ట మీద చెవి పెట్టి పేగుల చప్పుడు వినడం బావగారికీ నేర్పండి, కష్టమేమీ కాదు. అన్నిటికంటే రాత్రి మేత చూడండి. పల్స్ బాగుండి, నడక బాగుండి, మేత మాత్రం వదిలేసిన గుర్రాన్ని నేనైతే మర్నాడు ఎక్కను, ఎవరెంత చెప్పినా సరే.

ఇలాంటి రైడ్లలో ఏ రోజు మైళ్ళు ఆ రోజుకే లెక్క. మూడో రోజు మానేసి నాలుగో రోజు వెళ్ళొచ్చు, మొదటి రెండు రోజుల మైళ్ళు ఎక్కడికీ పోవు. అందుకని మొదటిసారే ఐదు రోజులూ అని మొక్కుకోవద్దు. వాణ్ణి ఒకటో రోజు, ఆడగుర్రాన్ని రెండో రోజు ఎక్కండి, మూడో రోజు రెండిటికీ విశ్రాంతి ఇచ్చి, ఆ సాయంత్రం ఏది చురుగ్గా ఉంటే నాలుగో రోజు దానితో వెళ్ళండి. 50 మైళ్ళకి చెక్‌లతో కలిపి పన్నెండు గంటలు ఇస్తారు, ఆ ఎత్తులో ఆ టైమంతా వాడుకోండి.

కాగితాల సంగతి: వెట్ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ మామూలుగా 30 రోజులే చెల్లుతుంది, కాగిన్స్ పరీక్ష (గుర్రాలకు అంటుకునే రక్తహీనత వైరస్ కోసం చేసేది) నెగెటివ్ రిపోర్టు కూడా ఉండాలి, అది ఎన్నాళ్ళ లోపుది కావాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నెవాడా, యూటాతో పాటు తిరిగొచ్చేటప్పుడు కాలిఫోర్నియా ఏమడుగుతుందో కూడా మీ వెట్‌నే కనుక్కోమనండి, బోర్డర్ స్టేషన్‌లో ఆపి చూస్తారు. బయలుదేరడానికి వారం ముందు సర్టిఫికెట్ తీసుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా అదే సరిపోతుంది. రెండు కాపీలు తీసి ఒకటి ట్రక్కులో, ఒకటి ట్రైలర్‌లో పెట్టండి.