కాల్షియం కాలమ్‌లో సార్బిటాల్ ముందుకు జరిగి మానిటాల్‌తో కలిసిపోతోంది, ఏం చేయాలి?

షుగర్ ఫ్రీ దగ్గు సిరప్‌లో సార్బిటాల్, జైలిటాల్, కాస్తంత మానిటాల్ కొలుస్తున్నానండి. హెచ్‌పీఎల్‌సీలో కాల్షియం ఫారం రెజిన్ కాలమ్, 80 డిగ్రీలు, మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పారే ద్రవం) ఉత్త నీళ్లు, నిమిషానికి 0.5 ఎంఎల్ ఫ్లో, ఆర్ఐ (వక్రీభవన సూచిక) డిటెక్టర్. మొదట్లో మానిటాల్, సార్బిటాల్ బేస్‌లైన్ దాకా విడిపోయేవి. నెల తిరక్కుండానే సార్బిటాల్ 3 నిమిషాలు ముందే వచ్చి మానిటాల్ మీద పడుతోంది. జైలిటాల్ మొదటి రోజు నుంచీ సార్బిటాల్‌ను వదల్లేదు. ఆడిట్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

— సిరప్‌లో సోడియం సిట్రేట్, బెంజోయేట్ ఉన్నాయా?

— రెండూ ఉన్నాయండి. పలచన చేసి, ఫిల్టర్ చేసి నేరుగా ఇంజెక్ట్ చేస్తున్నాం.

— అక్కడే దెబ్బతింది. పాలియాల్‌లో (సార్బిటాల్ లాంటి షుగర్ ఆల్కహాల్‌లో) పక్కపక్కనున్న హైడ్రాక్సిళ్లు రెజిన్ మీది కాల్షియాన్ని పట్టుకుని ఆగుతాయి, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఆలస్యంగా బయటికొస్తాయి. ప్రతి ఇంజెక్షన్‌కూ సోడియం ఆ కాల్షియాన్ని కొంచెం కొంచెం తోసేస్తుంది, సిట్రేట్ దాన్ని వెంటబెట్టుకుని పోతుంది. కాలమ్‌ను మాత్రం పారేయకండి. డిటెక్టర్ నుంచి విప్పి, 0.1 మోలార్ కాల్షియం నైట్రేట్‌ను 0.2 ఎంఎల్ ఫ్లోలో రాత్రంతా పంపి తర్వాత నీళ్లతో బాగా కడగండి (ఎంత వేడి, ఏ వైపు నుంచి అన్నది కాలమ్‌తో వచ్చిన కాగితంలో చూసుకోండి). కాలమ్ వేడెక్కేదాకా ఫ్లో పెంచొద్దు, జెల్ రెజిన్ మెత్తన, ఒకసారి అణిగిందంటే మళ్లీ లేవదు. ఇకమీదట డీయాషింగ్ గార్డ్ (ఉప్పులను ముందే పట్టేసే చిన్న కాలమ్) లేకుండా ఈ సిరప్ ఎక్కించొద్దండి, ఆ గార్డ్‌ను ఓవెన్ బయటే పెట్టండి.

— మరి జైలిటాల్?

— అది మీ తప్పు కాదు. మానిటాల్‌లో 3, 4 కార్బన్ల దగ్గర ఒక్కటే త్రియో జత (పక్కపక్క కార్బన్ల మీది హైడ్రాక్సిళ్లు ఫిషర్ బొమ్మలో ఎదురెదురు వైపులుండే జత). సార్బిటాల్‌లో, జైలిటాల్‌లో వరసగా రెండేసి. కాల్షియానికి ఈ రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి, గ్రేడియెంట్లూ ఫ్లోలూ మార్చి లాభం లేదు. నేనైతే లెడ్ ఫారం (కాల్షియం బదులు సీసం ఉన్న) కాలమ్ పెట్టి చూస్తాను, ఫార్మకోపియాలో ఎల్34 అంటారే అది, మీదేమో ఎల్19. రన్ పొడవవుతుంది, ఉప్పు దానికి అసలు పడదు. మెథడ్‌లో ఎల్19 అని రాసుంటే ముందు క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్లను అడగండి.

— రాత్రంతా నైట్రేట్ పంపానండి. పొద్దున స్టాండర్డ్ వేస్తే సార్బిటాల్ పాత చోటుకే వచ్చింది, మధ్యలో బేస్‌లైన్ కనిపించింది. గార్డ్ ఆర్డర్ పెట్టేశాను.