పెద్దమ్మ అచ్చువేసిన పుస్తకాలు ఏం చేయాలి?

బ్రాడీపేట మేనకోడలు:
మా పెద్దమ్మ పోయిన నెల గుంటూరులో చనిపోయారు. సొంత కవిత్వం మూడు పుస్తకాలే. కానీ పాతికేళ్లకు పైగా బ్రాడీపేటలో ఇంటి ముందుగదిలో కూర్చునే ఇతరుల కవిత్వం అచ్చువేశారు. చాలామందికి అది మొదటి పుస్తకం. ఇప్పుడు మంచం కింద, అటక మీద అన్నీ కట్టలే. ఇంట్లోవాళ్లు సంస్మరణ సంచిక వేద్దామంటున్నారు. చెదలు పట్టకముందే ఈ పుస్తకాలు చదివేవాళ్లకి చేరాలని నా ఆశ. అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేయొచ్చా?

అరండల్‌పేట డీటీపీ:
అమ్మా, వాటిలో చాలామటుకు నా దగ్గర కంపోజ్ అయినవే. మేడమ్‌గారు చీకటిపడ్డాక ప్రూఫుల సంచితో వచ్చేవారు. పొడుగు పాదం పేజీలో పట్టకపోతే నేను రెండు లైన్లు చేసేవాణ్ణి. ఊరుకునేవారు కాదు. "పాదం ఎక్కడ విరగాలో కవి చెప్తాడు, నీ మార్జిన్ కాదు" అని మొత్తం పేజీ మళ్లీ కట్టించేవారు. ఆ ఒక్క పాదం కోసం పుస్తకం సైజే మార్చిన రోజులున్నాయి!

పుస్తకం అచ్చయ్యేది పదహారేసి పేజీల ఫారాల్లో కదా, చివర్లో రెండు మూడు పేజీలు మిగిలేవి. ఇంకో కవిత వేయమని కవులు బతిమాలేవారు. వేసేవారు కాదు. తన పుస్తకాల ప్రకటన కూడా పెట్టుకోలేదు, అదెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. కాగితం డబ్బు ముందు, నా కూలి తర్వాత వాయిదాల్లో. ఎగ్గొట్టింది మాత్రం లేదు.

సీడీలుంటే పారేయకండి. అన్నీ పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవి, ఇప్పుడు నెట్‌లో వాడే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చాక వత్తులు తేడా కొడతాయి, ప్రూఫు మళ్లీ చూడాల్సిందే. నేను చూస్తాను.

ఏలూరు రోడ్డు పాఠకుడు (విజయవాడ):
స్కాన్ చేసేముందు ఒక మాట. ఆవిడ కవితల మీద హక్కు వారసులది, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మిగతా కవులు హక్కులు రాసివ్వకపోతే అవి వాళ్లవే. అచ్చువేసినంత మాత్రాన రావు. ఒక్కొక్కరినీ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

1954 చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి వెళ్లాలి. చాలామంది పట్టించుకోరు. ఆవిడ పంపి ఉంటే రసీదులుంటాయి, వెతకండి. ఒక్కో పుస్తకం రెండు కాపీలు దాచి, మిగతావి గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం వాళ్లని అడిగి ఇవ్వండి. జనవరిలో మా ఊరి పుస్తక మహోత్సవంలో ఎవరి స్టాల్లోనైనా ఓ మూల దొరక్కపోదు.

సంచిక మాత్రం వద్దంటాను. శాలువాల ఫొటోలతోనే నిండిపోతుంది. ఆ డబ్బుతో ఆవిడ వేసిన పుస్తకాల జాబితా అచ్చువేయండి: పేరు, కవి, సంవత్సరం.

బ్రాడీపేట మేనకోడలు:
రసీదులు దొరికాయి, బిస్కెట్ల డబ్బాలో! కవుల అడ్రసుల డైరీ కూడా ఉంది గానీ అందులో ఉన్నవన్నీ ల్యాండ్‌లైన్ నంబర్లే. డీటీపీగారూ, సీడీలు ఆదివారం తెస్తాను, షాపు తీస్తారా?

అరండల్‌పేట డీటీపీ:
పదిలోపు రండమ్మా. డైరీ కూడా తీసుకురండి, తెనాలి వాళ్లు నలుగురైదుగురి సెల్ నంబర్లు నా దగ్గరున్నాయి.