క్లచ్ తొక్కినా సెల్ఫ్ కొట్టడం లేదు: స్విచ్ పోయిందా, ఇంకేదైనా చూడాలా?

పికప్_ఖమ్మం:
అందరికీ నమస్కారం. బండి 2018 మోడల్ డీజిల్ పికప్, 12 వోల్టులు. క్లచ్ పూర్తిగా తొక్కి తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లు మామూలుగానే వెలుగుతున్నాయి. సెల్ఫ్ మాత్రం ఉలకదు, పలకదు. టిక్కుమనే శబ్దం కూడా లేదు. పెడల్‌ని గట్టిగా నాలుగైదు సార్లు కొడితే ఒక్కోసారి స్టార్ట్ అయ్యేది, ఇప్పుడు అదీ లేదు. తోసి స్టార్ట్ చేస్తున్నాం. బ్యాటరీ కొత్తది. ఇక్కడి మెకానిక్ క్లచ్ స్విచ్ (క్లచ్ తొక్కితేనే సెల్ఫ్‌కి కరెంటు వదిలేది) వైర్లు రెండూ కలిపి డైరెక్ట్ చేసేస్తానంటున్నాడు. బండి ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి నడుపుతారు. స్విచ్చే పోయిందని ఎలా తేల్చుకోవాలి? నేనే మార్చుకోవచ్చా?

ఆటో_ఎలక్ట్రికల్_బెజవాడ:
డైరెక్ట్ చేయనివ్వకండి అన్నా. ఇద్దరు డ్రైవర్లున్న బండికి అసలే వద్దు. ఒకరు గేర్‌లో వేసి ఆపుతారు, రెండోవారు కిందనే నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పుతారు. స్విచ్ డైరెక్ట్‌లో ఉంటే సెల్ఫ్ మోటారే బండిని ముందుకు లాగేస్తుంది. ఆ కుదుపులో డీజిల్ ఇంజన్ అంటుకుందంటే ఇక బండి ఆగదు, ముందు ఎవరున్నా తొక్కేస్తుంది.

ఇక చెక్ చేసే పద్ధతి. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాకే మొదలుపెట్టండి.

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మందగిస్తే లోపం బ్యాటరీ టెర్మినల్స్‌లోనో, ఎర్త్ కేబుల్‌లోనో, సెల్ఫ్ మోటార్‌లోనో ఉంటుంది, క్లచ్ స్విచ్ జోలికి పోనక్కర్లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, శబ్దమూ లేకుండా ఉంటే సెల్ఫ్‌కి కరెంటే వెళ్లడం లేదని అర్థం. మీ లక్షణం ఇదే. కొత్త బ్యాటరీ అన్నారు, అయినా మీటరు పెట్టి చూడండి: బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి.

తర్వాత స్టార్టర్ ఫ్యూజ్, రిలే (సెల్ఫ్‌కి కరెంటు కలిపే చిన్న డబ్బా లాంటి స్విచ్). అదే నంబరున్న హారన్ రిలే తీసి స్టార్టర్ రిలే స్థానంలో పెడితే రిలే సంగతి నిమిషంలో తేలిపోతుంది. ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వని దొంగతనం లాక్) ఉన్న బండైతే డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు ఆగకుండా మినుకుమంటోందేమో కూడా చూసుకోండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్విచ్. కప్లర్ (స్విచ్‌కి తగిలించిన వైర్ల ప్లగ్) ఊడదీసి మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి స్విచ్ రెండు పిన్నులకి ఆనించండి. పెడల్ వదిలితే బీప్ రాకూడదు, అడుగంటా తొక్కితే రావాలి, 1 ఓమ్ లోపు చూపాలి. పెడల్‌తో రాక, ప్లంజర్‌ని (స్విచ్ కొసన లోపలికి నొక్కుకునే పుల్లని) వేలితో నొక్కితే వస్తోందా? అయితే స్విచ్ బాగానే ఉంది, పెడల్ దాన్ని అందుకోవడం లేదు.

ఒక్కోసారి ఓమ్స్‌లో బాగా చూపించి, లోడ్ పడగానే మొండికేస్తుంది, లోపలి పాయింట్లు మాడి ఉంటాయి. దానికి కప్లర్ తగిలించే ఉంచి, వెనకనుంచి సన్నటి పిన్నులు గుచ్చి, మీటరు రెండు కొసలూ రెండు వైర్లకి పెట్టి, క్లచ్ తొక్కి తాళం తిప్పించండి. 0.2 వోల్టుల లోపుంటే స్విచ్ సరిగ్గా ఉన్నట్టు. పూర్తి 12 వోల్టులు చూపిస్తే స్విచ్ కరెంట్‌ని దాటనివ్వడం లేదు.

గ్యారేజ్_వరంగల్:
స్విచ్ కొనే ముందు టార్చి వేసుకుని పెడల్ పైభాగం చూడండి. ప్లంజర్‌కి ఎదురుగా పెడల్ చేతికి చిన్న రంధ్రంలో ప్లాస్టిక్ లేదా రబ్బర్ స్టాపర్ బిగించి ఉంటుంది. బొత్తాం అంత ఉంటుంది. ఎండకి, వయసుకి పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు ప్లంజర్ నేరుగా రంధ్రంలోకి దూరిపోతుంది, పెడల్ ఎంత తొక్కినా స్విచ్ నొక్కుకోదు. ఈ స్టాపర్ సంగతి చూడకుండానే స్విచ్ మార్చేసే షాపులు చాలా ఉన్నాయి, కొత్త స్విచ్ వేసినా బండి స్టార్ట్ కాదు.

క్లచ్ పెడల్‌కి కొన్ని బండ్లలో రెండు స్విచ్‌లు ఉంటాయి. అడుగున నొక్కుకునేది సెల్ఫ్ కోసం. పైన, పెడల్ వదిలినప్పుడు నొక్కుకునేది ఇసిఎంకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి. పైదాని స్టాపర్ రాలితే ఎప్పుడూ క్లచ్ తొక్కి ఉన్నట్టే ఇసిఎం అనుకుంటుంది. సెల్ఫ్‌కి కూడా ఈ పై స్విచ్చే వాడిన బండిలో స్టాపర్ పోతే క్లచ్ తొక్కకుండానే సెల్ఫ్ కొడుతుంది, కాబట్టి అది ఇంకా ప్రమాదం.

రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేసినా పెడల్ చివరికంటా దిగదు. అదీ చూడండి.

పికప్_ఖమ్మం:
మ్యాట్ ఎత్తితే నీలం రంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి. స్టాపర్ రంధ్రం ఖాళీగా ఉంది. వేలితో నొక్కితే బీప్ వస్తోంది కానీ మీటరులో 40, 70, 15 ఓమ్స్ అని ఎగురుతోంది. స్టాపర్ బదులు బోల్టు వేస్తే సరిపోతుందా? స్విచ్ కూడా మార్చేయాలా?

ఆటో_ఎలక్ట్రికల్_బెజవాడ:
రీడింగ్ అలా ఎగురుతోందంటే స్విచ్ కూడా అయిపోయింది, రెండూ మార్చండి. పాత స్విచ్ చేతిలో పట్టుకుని షాపుకి వెళ్లండి. పిన్నుల సంఖ్య, మర పొడవు, ప్లంజర్ పొడవు మూడూ కలవాలి. బ్రేక్ లైట్ స్విచ్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ పాయింట్లు తిరగబడి ఉండొచ్చు. కౌంటర్ దగ్గరే మీటరు పెట్టి, నొక్కితే కలుస్తోందో విడిపోతోందో చూసుకుని తీసుకోండి.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. స్టీరింగ్ కింద ప్యానెల్ ఉంటే విప్పండి. కప్లర్ తాళం నాలుకని నొక్కి లాగండి, వైర్లు పట్టుకుని లాగొద్దు. లాక్ నట్ వదులు చేసే ముందు పాత స్విచ్ మర ఎంత బయటికుందో స్కేలుతో కొలిచి రాసుకోండి. కొత్త స్టాపర్ నొక్కి కూర్చోబెట్టి, స్విచ్ బిగిస్తూ, పెడల్ అడుగంటా తొక్కి చూడండి: ప్లంజర్ బాగా లోపలికి వెళ్లాలి, అయినా స్విచ్ మర కొసకీ స్టాపర్‌కీ మధ్య సుమారు 1 మిల్లీమీటరు సందు మిగలాలి. ఆ సందు లేకపోతే డ్రైవరు కాలి బలమంతా స్విచ్ బాడీ మీదే పడి త్వరగా పగులుతుంది. మర ప్లాస్టిక్‌దైతే నట్‌ని చేతి బిగువు తర్వాత కొంచెమే తిప్పండి.

కప్లర్ లోపల పచ్చగా పట్టిందేమో కూడా చూడండి. ముందు అద్దం సీలు కారితే నీళ్లు పెడల్ మీదకే వస్తాయి. ఆడ పిన్నులు వెడల్పైతే సన్నటి సూదితో కాస్త దగ్గరికి నొక్కండి.

బోల్టు తాత్కాలికంగానే. తల చదునుగా, పాత స్టాపర్ ఎత్తుకి మించకుండా ఉండాలి. ఇనుము ప్లంజర్ కొసని తినేస్తుంది, అసలు స్టాపర్ దొరికేదాకానే ఉంచండి.

డీజిల్_స్కానర్:
ఇదంతా రెండు వైర్ల స్విచ్‌కి. కొత్త బండ్లలో క్లచ్ మాస్టర్ సిలిండర్ దగ్గర మూడు వైర్ల సెన్సార్ ఉంటే ఓమ్స్ టెస్టూ వద్దు, వైర్లు కలపడమూ వద్దు. సప్లై, ఎర్త్, సిగ్నల్ ఉంటాయి. స్కానర్‌లో (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపాలు చదివే పరికరం) క్లచ్ స్టేటస్ తెరిచి, పెడల్ తొక్కినప్పుడల్లా మారుతోందో లేదో చూడాలి. పి0704, పి0830 కోడ్‌లు వస్తే ఈ సర్క్యూటే, కానీ కోడ్ వచ్చిందని వెంటనే సెన్సార్ కొనకండి, ముందు వైరింగ్ చూడండి. బల్బు టెస్ట్ ల్యాంప్ ఇసిఎం వైర్లకి పెట్టకూడదు, మీటరే వాడాలి. పెద్ద లారీలు 24 వోల్టులు, రిలే, స్విచ్ కొనేటప్పుడు ఆ సంగతి చెప్పి తీసుకోవాలి.

గ్యారేజ్_వరంగల్:
పని అయ్యాక బ్యాటరీ కలిపి, న్యూట్రల్‌లోనే మూడు సార్లు చూడండి. కాలు పూర్తిగా తీసి తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టకూడదు. సగం తొక్కినా కొట్టకూడదు. అడుగుకి దగ్గరయ్యాకే కొట్టాలి. సగంలోనే కొడుతోందంటే స్విచ్ ఎక్కువ ముందుకొచ్చింది, ఒక చుట్టు వెనక్కి తిప్పి లాక్ నట్ మళ్లీ బిగించండి.