లేజర్ హార్డెనింగ్: చదును పలక మీద సరిపోయిన లెక్క గేర్ పంటికి పనికొస్తుందా?

కొలిమి: గేర్ పళ్లను లేజర్‌తో గట్టిపరిచే (ఉపరితలాన్ని చప్పున వేడిచేసి, వెనుకనున్న చల్లని లోహంతోనే చల్లారనిచ్చే) ముందు ఫైనైట్ ఎలిమెంట్ నమూనా (భాగాన్ని చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌లో చేసే లెక్క) తప్పనిసరి అంటున్నారు. కదిలే ఉష్ణమూలం చుట్టూ వేడి ఎలా పరుచుకుంటుందో చెప్పే రోసెంతాల్ సూత్రం చాలదా? 1984లో ఆష్‌బీ, ఈస్టర్లింగ్ అనే పరిశోధకులు కూడా ఇటువంటి చేతిలెక్కలతోనే గట్టిపడే లోతును అంచనా వేశారు.

ఉష్ణరేఖ: చాలదండీ. ఉక్కు గుణాలు వేడితో మారవని ఆ సూత్రం అనుకుంటుంది. నిజానికి 800 డిగ్రీలకు చేరేసరికి ఉక్కు ఉష్ణవాహకత బాగా పడిపోతుంది.

కొలిమి: అది సర్దుకోదగిన తేడా. అసలు చిక్కు శోషణతోనే, అంటే పడిన లేజర్ కాంతిలో ఉక్కు ఎంత పీల్చుకుంటుందన్న దానితోనే. 2 కిలోవాట్ల డయోడ్ లేజర్, 10 మి.మీ. చదరపు మచ్చ, సెకనుకు 10 మి.మీ. వేగం తీసుకోండి. ఉక్కు 40 శాతం పీల్చుకుంటే ఉపరితలం సుమారు 800 డిగ్రీలు వేడెక్కుతుంది, 60 శాతమైతే 1,200. శోషణ తెలియనప్పుడు మీ నమూనా మాత్రం ఏం చెబుతుంది?

లేత్‌బల్ల: పైరోమీటర్‌తో (తాకకుండా, వెలువడే కాంతిని బట్టి వేడిని కొలిచే పరికరంతో) ఉపరితల వేడిని స్థిరంగా నిలిపితే ఆ ప్రశ్నే రాదు.

కొలిమి: పైరోమీటర్‌కు ఉద్గారత (వేడెక్కిన ఉపరితలం ఎంత బాగా కాంతిని వెలువరిస్తుందో) తెలియాలి. ఆక్సైడ్ పొర పట్టగానే అదీ మారుతుంది.

ఉష్ణరేఖ: మీరు శోషణను వదలడం లేదు కనుక మాకు జరిగింది చెబుతాను. నిరుడు మేము పని అప్పగించినవారు చదును పలక మీద కొలిచిన లోతుకు లెక్క కలిసేదాకా శోషణను సవరించి, అదే అంకెతో మా గేర్లు చేశారు. పంటి కొన పలుచన. లోపలికి పోవడానికి చోటులేక ఉష్ణం అక్కడే పోగుపడింది. గోరుతో తడిమితే కరిగి గడ్డకట్టిన అంచు గరుకుగా తగిలింది. దాని పక్కనే మెత్తదనం, ఎందుకంటే వేడిని లాగి చప్పున చల్లార్చడానికి వెనుక చల్లని లోహం లేదు.

కొలిమి: మీ నష్టానికి సూత్రాన్ని నిందించడం న్యాయం కాదు! షాఫ్టుల మీద నా లెక్క ఏళ్లుగా నిలిచింది. అరగంట పనికి మూడు రోజులు మెష్ (నమూనాలోని ఆ చిన్న ముక్కల వల) కట్టే స్తోమత చిన్న షాపులకు లేదు.

ఉష్ణరేఖ: సూత్రాన్ని నేను నిందించడం లేదు. కొలతకు సరిపడేలా దిద్దిన అంకెను ముందుగా లెక్కగట్టిన అంకెగా మాకు చూపించారు, నా బాధ అదే.

కొలిమి: అది తప్పే, ఒప్పుకుంటాను. అయితే గాలికి ఆనిన ముఖానికి అవతల ప్రతిబింబ మూలాన్ని (అద్దంలోలా ఊహించుకున్న రెండో ఉష్ణమూలాన్ని) చేర్చితే, వెనుదిరిగే ఉష్ణం చేతిలెక్కలోకీ వస్తుంది.

ఉష్ణరేఖ: సమాంతర ముఖాలకు వస్తుంది. పంటి ముఖాలు వాలుగా, వంపుగా ఉంటాయి. ఒక పంటిని కోసి, కొన నుండి మొదలు దాకా కాఠిన్యం కొలిచి, మీ లెక్క పక్కన పెట్టి చూపండి, అప్పుడు ఒప్పుకుంటాను.