"నామములోనికి" అంటే తప్పు తెలుగా?

మొన్న ఇక్కడ ఒక మిత్రులు తెలుగు బైబిలులో విభక్తులు సరిగా అతకవంటూ మత్తయి 28:19 ఉదాహరణగా పెట్టారు. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి వారికి బాప్తిస్మమిచ్చుచు..." ఇందులో "నామములోనికి" తప్పనీ, "నామమున" అంటే సరిపోయేదనీ ఆయన మాట. ఆ వాక్యం వింటూ పెరిగినదాన్ని. రెండు రోజులుగా మనసు దానిమీదే ఉంది.

చెవికి ఎబ్బెట్టుగా ఉన్నమాట నిజమే. "ఇచ్చు" అన్నాక ఎవరికి ఇచ్చారో చెప్పాలి గానీ దేనిలోకి ఇచ్చారో చెప్పం. "లోకి" రావాలంటే కదలిక ఉన్న క్రియ కావాలి. దిగడం, దించడం, చేర్చడం లాంటిది.

ఆ కదలిక "బాప్తిస్మము" అనే మాటలోనే దాక్కుని ఉంది. గ్రీకు "బాప్తీజో" మొదట మతం మాట కాదు, మామూలుగా ముంచడమే. యూదుల లేఖనాల పాత గ్రీకు అనువాదంలో సిరియా సేనాధిపతి నయమాను యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగిన చోట కూడా ఇదే క్రియ ఉంది. మత్తయిలో దీని పక్కన ఉన్న "ఎయిస్"కి అర్థం "లోకి". "నామములోనికి ముంచి" అని చదివి చూడండి, ఎక్కడా తట్టుకోదు. మనవాళ్లు క్రియని గ్రీకులోనే ఉంచి విభక్తిని మాత్రం తెలుగు చేశారు. అందుకే ఆ "లోనికి" ఆధారం లేనట్టు కనిపిస్తుంది. తప్పు దానిది కాదు.

తెలుగు మాట దొరక్క క్రియని వదిలేశారా అంటే, కాదు. మార్కు 7:4లో గిన్నెలూ కుండలూ శుద్ధి చేసుకోవడం గురించి వచ్చినప్పుడు అదే ధాతువు మీది నామవాచకాన్ని హాయిగా "నీళ్లలో కడుగుట" అన్నారు. సంస్కారం దగ్గరికి వచ్చేసరికే చిక్కు. "ముంచుట" అంటే నీళ్లు చిలకరించే సంఘాలు ఒప్పుకోవు. బెంగాల్లో ఈ తగాదా నిజంగానే జరిగింది. బాప్టిస్టు మిషనరీలు బెంగాలీ బైబిలులో ముంచడం అనే అర్థమిచ్చే మాట వాడారని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1830ల్లో సాయం ఆపేసింది. గ్రీకు మాట అలాగే ఉంటే ఎవరి పద్ధతిలో వాళ్లు చదువుకుంటారు.

నాకు ఆ "లోనికి" ప్రాణం. రోమా 6లో మళ్లీ వస్తుంది: "ఆయన మరణములోనికి బాప్తిస్మము పొందితిమి." పాస్టరుగారు మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచి లేపుతారు. ఆ వెంటనే వచ్చే "పాతిపెట్టబడితిమి" అనే మాట అర్థం కావాలంటే ఒకసారి గట్టున నిలబడి చూడాలి. మా నాయనమ్మ "బాప్తిస్మం తీసుకున్నాను" అనేది కాదు. "నేను కాలవలోకి దిగిన ఏడు" అని లెక్క చెప్పేది.

*

అక్కా, మేం క్యాథలిక్కులం. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, చంటిపిల్లల తలమీద మూడుసార్లు నీళ్లు పోస్తూ గురువుగారు "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అంటారు. మేం జ్ఞానస్నానం అంటాం, పిల్లల తరఫున జ్ఞాన తల్లిదండ్రులు నిలబడతారు. "లోనికి" లేనందుకు మాకేమైనా తక్కువైందంటారా?

*

లేదు తమ్ముడూ, ఆ మాట నేననను. "నామమున" లాటిన్ దారిలో వచ్చింది, దాని గౌరవం దానిది. నీళ్లు పోయడమూ కొత్తేం కాదు. తొలి శతాబ్దాల క్రైస్తవ బోధల పుస్తకం "దిదాఖే"లోనే పారే నీళ్లలో ఇవ్వమనీ, తగినన్ని నీళ్లు లేకపోతే తలమీద మూడుసార్లు పోయమనీ ఉంది. ఇక "జ్ఞానస్నానం" అనే మాట నాకు చాలా ఇష్టం. రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ ఈ స్నానాన్ని "వెలిగింపు" అంటారని రాశాడు. ఆ వెలుగు మీ మాటలో ఉంది, మా "బాప్తిస్మం"లో వినపడదు.

*

అమ్మా, మాది ఒంగోలు వైపు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు స్వయంగా ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. కరువు పనులప్పుడు, బకింగ్‌హాం కాలువ తవ్వేటప్పుడు, కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని దొరగారు ఎవరికీ ఇవ్వలేదు. మా పెద్దవాళ్లు కూడా మీ నాయనమ్మగారిలాగే "గుండ్లకమ్మలోకి దిగినోళ్లం" అనేవాళ్లు.

*

ఇది చదివి కళ్లు చెమర్చాయండీ. ఆ బోధకులు నీళ్లలో నిలబడి "నామమున" అన్నారో "నామములోనికి" అన్నారో, మీ పెద్దల నోట ఎప్పుడైనా విన్నారా?