బ్లేడ్ సర్వర్లా, విడి రాక్ సర్వర్లా? వాడినవారు చెప్పండి

సర్వర్‌గది: మా కంపెనీలో పది పాత రాక్ సర్వర్లు మార్చాలి. వాడిన హెచ్‌పీ సీ7000 ఛాసిస్ (బ్లేడ్లు పట్టే పెద్ద పెట్టె), ఎనిమిది బ్లేడ్లతో (పెట్టె నుంచే కరెంటు, నెట్‌వర్క్ తీసుకునే పలచని సర్వర్లు) కలిపి చవకగా వస్తోంది. 10యూ (రాక్‌లో పది అరల) ఎత్తులో 16 హాఫ్‌హైట్ (సగం ఎత్తు) బ్లేడ్లు పడతాయి కాబట్టి మిగతా స్లాట్లు నిదానంగా నింపుకోవచ్చని మా యజమాని ఆశ. తీసుకోమంటారా?

తీగలచిక్కు: సుఖం ఉన్నమాట నిజమే. 16 విడి సర్వర్లకు కరెంటు తీగలే 32 కావాలి, ఈ పెట్టెకు ఆరు చాలు. వర్చువల్ కనెక్ట్ మాడ్యూళ్లు (పెట్టె వెనక పట్టే హెచ్‌పీ నెట్‌వర్క్ మాడ్యూళ్లు) ఉంటే మ్యాక్ చిరునామాలు (నెట్‌వర్క్‌లో సర్వర్‌ను గుర్తుపట్టే సంఖ్యలు) స్లాట్‌తో ముడిపడి ఉంటాయి. శాన్ (సర్వర్ బయట ఉండే డిస్కుల నెట్‌వర్క్) నుంచి బూట్ అయ్యే బ్లేడ్ చెడిపోతే, అలాంటిదే ఇంకొకటి అదే స్లాట్‌లో తోస్తే పని నడుస్తుంది. నాకు బ్లేడ్లంటే ఇష్టం, దాచను.

మూడోఫేజు: ఇష్టం సరే, కరెంటు మాటేమిటి? సింగిల్ ఫేజ్ పెట్టెలో ఆరు పవర్ సప్లైలు ఉంటాయి, ఒక్కొక్కటి 2,000 వాట్లకు పైమాటే. మామూలు సర్వర్ తీగ వాటికి పట్టదు, సీ19 అనే పెద్ద కొన తీగలు కావాలి. మూడింటిని ఒక యూపీఎస్‌కు, మూడింటిని ఇంకోదానికి ఇవ్వాలి. బరువు కూడా చూసుకోండి: నిండిన పెట్టె 200 కిలోలు దాటుతుంది. మేము బ్లేడ్లు, ఫ్యాన్లు, పవర్ సప్లైలు అన్నీ ఊడదీసి, ఖాళీ డొక్కును నలుగురం పట్టి రాక్‌లోకి ఎక్కించాం.

సర్వర్‌గది: మాకున్నది ఒకటే యూపీఎస్, ఒక గోడ ఏసీ.

మూడోఫేజు: అయితే మే నెలలో ఆ గదిలోకి నన్ను పిలవకండి.

బే3బే4: కొనేముందు వెనక వైపు ఫొటో అడగండి. మొదటి మెజనైన్ కార్డు (బ్లేడ్ లోపల బిగించే అదనపు కార్డు) వెనకున్న మూడు, నాలుగు బేలకే (స్విచ్‌లు పట్టే గూళ్లకే) కలుస్తుంది. శాన్‌కు కలిపే ఫైబర్ ఛానల్ కార్డు ఆ మొదటి మెజనైన్‌లో పెట్టి, స్విచ్ ఐదో బేలో ఉంటే లింకు రాదు. ఇంకో సంగతి: ఈ ఛాసిస్ 2006 నాటిది. దీనికి వచ్చిన బ్లేడ్లు జెన్10 (పదో తరం)తో ఆగిపోయాయి. దీని స్థానంలో వచ్చిన సినర్జీ బ్లేడ్లు ఇందులో పట్టవు. ఖాళీ స్లాట్లు నింపుదామన్నా పాత సరుకే వెతుక్కోవాలి. పది పాత సర్వర్ల పని వర్చువలైజ్ చేస్తే (ఒక్కో యంత్రం మీద పలు సర్వర్లు నడిపితే) మూడు కొత్త రాక్ సర్వర్లు మోయవచ్చు, ముందు లోడ్ కొలిచి చూడండి.

తీగలచిక్కు: ఎనిమిదికి మించి అక్కర్లేకపోతే నేనూ వద్దనే అంటాను. సగం ఖాళీ పెట్టెకైనా ఫ్యాన్లు తిరగాల్సిందే, స్విచ్ మాడ్యూళ్లు కొనాల్సిందే.

సర్వర్‌గది: యజమానికి ఇదంతా చూపించాను. మూడు రాక్ సర్వర్లకు కొటేషన్ తెప్పించమన్నారు. స్విచ్ 10 గిగాబిట్‌ది చాలా, 25 తీసుకోవాలా?

తీగలచిక్కు: దానికి వేరే చర్చ పెట్టండి సార్, ఇక్కడ మొదలైతే తెల్లారిపోతుంది.