సోలార్ ఉత్పత్తిని లెక్కగట్టే వెబ్‌సైట్ పీవీవాట్స్ అంచనా 705 యూనిట్లు, వచ్చింది 588. తేడా ఎక్కడ?

మాది కర్నూలు. రేకుల కప్పు మీద 5 కిలోవాట్ల సోలార్, దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలు. నీడ లేదు. నష్టాలు (దుమ్ము, వైర్లు వగైరా) అందులో ముందే ఉన్న 14.08 శాతమే ఉంచితే ఏప్రిల్‌కు పీవీవాట్స్ 705 యూనిట్లు చూపింది. ఇన్వర్టర్‌లో 588. ప్యానెళ్లు వారానికోసారి కడుగుతున్నాం, నీళ్లు టీ డికాక్షన్‌లా దిగుతాయి. అందుకే దుమ్ము నష్టం 2 నుంచి 5 శాతానికి పెంచాను: 683. రేకుకూ ప్యానెల్‌కూ నాలుగు వేళ్ల సందే ఉందని 'ఓపెన్ ర్యాక్' (ప్యానెళ్ల కింద గాలి బాగా ఆడే అమరిక) తీసి 'రూఫ్ మౌంట్' (కప్పుకు దగ్గరగా బిగించే అమరిక) పెట్టాను: 660. గంటల వారీ సగటు చూస్తే పొద్దున తొమ్మిది దాకా సరిపోతోంది, పన్నెండు నుంచి మూడు మధ్యే పడిపోతోంది. బిగించినతను "మన ఎండలకు అంతే సార్" అంటాడు. రేకుల వేడిని లెక్కలోకి తేవాలంటే పీవీవాట్స్‌లో ఏ నష్టాన్ని, ఎంత శాతం మార్చాలి?